ఎనిమిదేళ్ల పెద్దమనిషి

నా బిడ్డ రెండుసార్లు పెద్దమనిషి అయింది. మొదటిసారి దానికి ఎనిమిదేళ్లు. ఆ మొదటిది అబద్ధం. ఆ అబద్ధానికి మేము టెంటు వేయించాం, చుట్టాలను పిలిచాం, నువ్వుల ముద్దలు దంచాం. ఇది చదివి, చదువుకున్నదానివి, టీచరువి, నీకా మాత్రం తెలియదా అనబోయేవాళ్లు కాస్త ఆగండి. నాకు తెలియదు. మీకూ తెలిసి ఉండదు. తెలిశాక ఏం చేశానో మాత్రం చెప్పగలను.

తెలంగాణ వచ్చిన కొత్త అది. కల్వకుర్తి ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. మేము అక్కడ కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన బస్సు కండక్టరు. నేను పక్క పల్లెలో చిన్న పిల్లలకు చదువు చెప్పే సర్కారు టీచర్ని. మాతో పాటు మా అత్తమ్మ. ఆమెది అచ్చంపేట దిక్కు. చిన్న వయసులోనే భర్త పోతే కూలికి పోయి కొడుకును చదివించిన మనిషి కాబట్టి ఇంట్లో ఆమె మాటే మాట. మాకు ఒక్కతే బిడ్డ. దాన్ని నా వెంట నా బడికే తీసుకుపోయేదాన్ని. అది నా మూడో తరగతిలోనే కూర్చునేది.

నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. నా నోరు ఎప్పుడూ మంచిది కాదు. ఆ సంగతి మా బడిలో గోడలకు కూడా తెలుసు.

ఎండాకాలం సెలవులయ్యాక ఒక ఆదివారం బిడ్డకు తలంటుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఛాతీ పొంగుతోంది. అత్తమ్మను పిలిచి చూపించాను.

"గీ కాలం తిండే గట్లున్నది పిల్లా. బాయిలర్ కోళ్లు, ప్యాకెట్ పాలాయె. జల్ది పెరుగుతున్నరు," అన్నది.

మర్నాడు బడిలో నా తరగతి పిల్లలను వరసగా చూశాను. అందరూ దాని ఈడువాళ్లే. మధ్యాహ్నం అందరూ అదే అన్నం, అదే గుడ్డు తింటున్నారు. అందరూ ఎముకలగూళ్లలా, పళ్లూడిన నోళ్లతో, ముక్కులు తుడుచుకుంటూ ఉన్నారు. మరి దీనికొక్కదానికే ఎందుకు? ఇంటికొచ్చి అదే అడిగితే, ఒక్కొక్క బిడ్డది ఒక్కొక్క ఒళ్లని అత్తమ్మ కొట్టిపారేసింది.

తర్వాత కొన్నాళ్లకు, నేను బోర్డు మీద భాగహారం చేస్తుంటే నా బిడ్డ మెల్లగా కుర్చీ పక్కకు వచ్చి నిలబడింది. బడిలో నన్ను టీచర్ అనే పిలవాలని నేనే నేర్పాను.

"టీచర్, నేను యాడ పడలేదు. దెబ్బ గిట్ల తాకలేదు. కని రక్తం వచ్చింది," అన్నది గుసగుసగా.

సుద్దముక్క పక్కన పెట్టి, తరగతిని పక్క టీచరుకు అప్పగించి, బిడ్డను ఇంటికి తీసుకొచ్చాను. దారి పొడుగునా అది నా చెయ్యి వదల్లేదు. తప్పు చేసినదానిలా నా ముఖంలోకే చూస్తోంది.

అత్తమ్మకు సంగతి అర్థమైపోయింది. ఆమె మొహంలో సంతోషమూ ఉంది, దిగులూ ఉంది. మా ఇండ్లల్లో ఆడపిల్ల పెద్దమనిషైతే వెనక గదిలో ఒక మూల ఈత చాప వేసి కూర్చోబెడతారు. పక్కన ఇనుప కొడవలి పెడతారు. మగవాళ్ల కంట పడనివ్వరు. నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి కుడుకలు పెడతారు. మంచిరోజు చూసి తానం పోసి, మేనమామ తెచ్చిన బట్టలు కట్టించి, చుట్టాలకు భోజనాలు పెడతారు. ఆ తానం అయ్యేదాకా పిల్ల గడప దాటకూడదు. నన్నూ అట్లాగే కూర్చోబెట్టారు. కానీ నాకప్పుడు పద్నాలుగేళ్లు. నాకేం జరుగుతోందో నాకు తెలుసు.

నా బిడ్డ చాప మీద కూర్చుని కొడవలితో ఆడబోయి దెబ్బలు తిన్నది. తొక్కుడుబిళ్ల ఆడతానని ఏడ్చింది. వాళ్ల నాన్న డ్యూటీ దిగి వచ్చి తలుపు అవతలే నిలబడి మాట్లాడుతుంటే దానికి అసలు అర్థం కాలేదు.

"బాపు లోపలికెందుకొస్తలేడు? నా మీద కోపమొచ్చిందా?" అని అడిగింది.

ఆ పూటే మా ఆయనతో చెప్పాను, దవాఖానకు తీసుకుపోదామని. అమ్మ చెప్పినట్టు కానియ్యి అన్నాడు. అత్తమ్మను అడిగాను.

"తానం కాని పిల్లను గడప దాటిస్తవా? గిదేమన్న రోగమా? నా ఆడబిడ్డ గూడ జల్దినే అయ్యింది. తానం అయినంక యాడికన్న తీస్కపో, నేనొద్దన్న," అన్నది.

నేను ఊరుకున్నాను. తానం రోజు ఎటూ దగ్గర్లోనే ఉంది కదా, మర్నాడే తీసుకుపోవచ్చని లెక్క వేసుకున్నాను. కానీ రక్తం ఆగడం లేదు. కాస్త ఆగినట్టే ఆగి మళ్లీ వస్తోంది. కడుపు నొస్తోందని బిడ్డ ఒక పక్కకే ముడుచుకుని పడుకుంటోంది. ఎత్తుగా కనపడుతున్న పొట్టను చూసి, నువ్వుల ముద్దలు ఒంటికి పట్టాయని వచ్చినవాళ్లు మెచ్చుకుంటున్నారు.

ఫంక్షన్ ముందురోజు పొద్దున్నే మా తమ్ముడు కేతేపల్లి నుంచి జీపులో దేవరకొండ మీదుగా వచ్చాడు. మేనమామ కదా, వాడి హడావుడి వాడిది. ఇంటి ముందర టెంటు గుంజలు పాతుతున్నారు. వాడు ఎర్ర లంగా, ఆకుపచ్చ ఓణీ తెచ్చాడు. ఎనిమిదేళ్ల పిల్లకు లంగా ఓణీ ఏ దుకాణంలో దొరుకుతుంది? పదమూడేళ్ల పిల్ల కొలతది తెచ్చాడు.

"కుచ్చిళ్లు పోసి కుట్టెయ్యక్కా. పెద్దగైనంక గూడ పనికొస్తది," అన్నాడు.

సూది దారం తీసుకుని, బిడ్డకు లంగా తొడిగి, నడుము బిగించబోయాను. బిగించాల్సిన అవసరమే రాలేదు. జాకెట్టు భుజాల మీద సంచిలా వేలాడుతోంది. లంగా అంచు నేల మీద పారాడుతోంది. నడుము మాత్రం పదమూడేళ్ల కొలతకు సరిగ్గా సరిపోయింది. బొందె ముడివేసే చోట నా వేళ్లకు ఏదో తగిలింది. బొడ్డు కింద, కుడివైపు, గట్టిగా, బత్తాయి కన్నా పెద్దగా. తిన్న తిండి అట్లా ఉండదు. మూడో తరగతి పిల్లల పొట్టలు నాకు తెలియనివా?

అత్తమ్మ అప్పుడే గిన్నెలో ఆముదం వెచ్చజేసుకుని వచ్చింది. నొప్పికి పొట్ట గట్టిగా తోమితే సర్దుకుంటుందని ఆమె నమ్మకం. ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఈడ గడ్డ ఉన్నది అత్తమ్మా. ముట్టకు. ఇప్పుడే దవాఖానకు పోతున్న."

"రేపు తానం పెట్టుకొని?"

"రేపటి సంగతి రేపు."

ఆమె పోయి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కోపంతో కాదు, భయంతో.

"తానం పొయ్యకుండ గడప దాటితే ఇంటికి అరిష్టం పిల్లా. నా మాటిను."

"ఆ అరిష్టమేదో నాకు రానియ్యి. బిడ్డకు రావొద్దు. జరుగు అత్తమ్మా."

ఆమె జరగలేదు. బయట అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్న తమ్ముణ్ని కేకేశాను. లోపలికొచ్చి పిల్లను ఎత్తుకో అన్నాను. వాడు బిత్తరపోయాడు. తానానికి ముందు మేనమామ పిల్ల ముఖం చూడకూడదు. వాడు అత్తమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి, భుజం మీది తువ్వాల తీసి, వంగి అత్తమ్మ పక్క నుంచి లోపలికి దూరాడు. తువ్వాల బిడ్డకు చుట్టి ఎత్తుకున్నాడు.

"అత్తమ్మా, తప్పైతే రేపు నన్ను తిట్టు. అక్క మొఖం చూస్తుంటే నాకు భయమైతున్నది," అన్నాడు.

ఆమె పక్కకు జరిగింది. టెంటువాళ్లు గుంజలు వదిలేసి చూస్తుండగా, ఎర్ర లంగాతోనే నా బిడ్డ గడప దాటింది.

కల్వకుర్తిలోనే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. కాన్పుల కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. ఆమె బిడ్డ వయసు అడిగింది. చెప్పాను. మళ్లీ అడిగింది. చెయ్యి చాలా మెత్తగా ఆనించి చూసింది. స్కానింగ్ చేయించింది. తర్వాత కుర్చీ నా దగ్గరికి లాక్కుని కూర్చుంది. డాక్టర్లు కుర్చీ దగ్గరికి లాక్కుంటే మంచి మాట చెప్పరని నాకు అప్పుడే తెలిసింది.

"అమ్మా, ఈ పిల్ల పెద్దమనిషి కాలేదు. కుడివైపు అండాశయం మీద గడ్డ ఉంది. వయసొచ్చినప్పుడు ఒంట్లో తయారు కావాల్సిన హార్మోన్‌ను ఆ గడ్డ ఇప్పుడే తయారు చేస్తోంది. ఛాతీ పెరగడం, రక్తం రావడం, అన్నీ దాని పనే. ఎనిమిదేళ్లు నిండీ నిండకుండా ఇట్లా వస్తే పండగ చేసుకోవద్దు, దవాఖానకు రావాలి."

"క్యాన్సరా?" అని అడిగాను. తిప్పి అడగడం నాకు రాదు.

"కావచ్చు, కాకపోవచ్చు. తీసి పరీక్షకు పంపితేనే తెలుస్తుంది. ఇట్లాంటివి పగలకముందే తీస్తే చాలామంది పిల్లలు మంచిగైతారు. ఆలస్యం చేయొద్దు. ఎవ్వరూ పొట్ట నొక్కొద్దు, నూనె పెట్టి తోమొద్దు."

ఆముదం గిన్నె నా కళ్ల ముందు కదిలింది. నేను ఏడవలేదు. ఏడుపు వచ్చింది కానీ మింగేశాను. నా బిడ్డ బతకాలి. మిగతావన్నీ తర్వాత. టెంటు, చుట్టాలు, అత్తమ్మ, పరువు, అన్నీ తర్వాతే. ఆస్పత్రి మెట్ల మీద నిలబడి మా ఆయనకు ఫోన్ చేశాను. అచ్చంపేట బస్సులో ఉన్నాడు.

"టెంటు విప్పించు. బిడ్డకు కడుపుల గడ్డ ఉన్నది. గిటు నుంచి గిటే హైదరాబాద్ పోతున్నం."

"మీరు నడువుండ్రి, నేనొస్త," అన్నాడు. అమ్మ ఏమంటుందో అని ఆ రోజు అనలేదు. ఆ ఒక్క మాట అననందుకు ఆయన మీద నాకున్న పాత కోపాలు సగం పోయాయి. ఆ సాయంత్రం ఖాకీ చొక్కాతోనే ఇంటి ముందు నిలబడి, సంచులతో దిగిన చుట్టాలందరికీ, బండి ఇక ముందుకు పోదని ప్రయాణికులకు చెప్పినట్టు, ఫంక్షన్ లేదు, పిల్లకు ఆపరేషన్ ఉంది అని చెప్పి పంపాడట. మర్నాడు హైదరాబాద్ పెద్దాసుపత్రికి వచ్చాడు. వెనకాలే అత్తమ్మ, చంకలో బట్టల మూటతో. ఎవరూ రమ్మనలేదు.

ఆమె వరండాలో నేల మీద కూర్చుంది. మా వైపు కష్టం చేసుకునే ఆడవాళ్లలో ఎంతమందికో చిన్న వయసులోనే గర్భసంచి తీసేస్తారు. నడుము నొప్పి అని పోతే తీస్తారు, తెల్లబట్ట అని పోతే తీస్తారు. అత్తమ్మకూ అట్లాగే తీశారు. ఆ తర్వాత ఆమె ఒళ్లు మళ్లీ ఎప్పుడూ కోలుకోలేదు. ఆపరేషన్ చేసే డాక్టరు అటుగా పోతుంటే ఆమె లేచి దారికి అడ్డం నిలబడింది. గుమ్మాలకు అడ్డం నిలబడటం ఆమెకు అలవాటే కదా.

"సారూ, నాకు తీసినట్టు దీనికి గూడ అన్నీ తీసేస్తరా? గింత పోరి. రేపు దీని బతుకేంది?"

ఆయన ఆగాడు. "లేదు అవ్వా. చెడ్డ పక్కది తీస్తం. రెండో పక్కది మంచిగుంటె దాన్ని ముట్టం. గర్భసంచి జోలికి పోం."

"మరి మల్ల పెద్దమనిషైతదా?"

"ఆ రెండోది దాని పని అది చేస్తది. కాకుంటే దాని టైముకు."

నేను ఆయన్ని అదే ప్రశ్న ఇంకో విధంగా అడిగాను. తర్వాత మరో విధంగా కూడా అడిగాను. టీచర్లం, ఒక్కసారి చెబితే నమ్మం. ఆయన విసుక్కోకుండా చెప్పాడు. అప్పుడు సంతకం పెట్టాను.

బిడ్డను లోపలికి తీసుకుపోయాక అత్తమ్మ నా పక్కకు జరిగి కూర్చుంది.

"ఊర్ల అపెండిక్స్ అని చెప్దాం పిల్లా. పెదవి దాటితే పృథ్వి దాటుతది. రేపు సంబంధాలొచ్చినప్పుడు అడుగుతరు."

"ఒక అబద్ధం టెంటేసి మరీ చెప్పినం అత్తమ్మా. ఇంకోటి చెప్ప. అడిగెటోడు అడుగుతడు, ఉన్నదే చెప్త. ఉన్నది విని పారిపోయెటోడు నా బిడ్డకెందుకు?"

ఆమె కొంగుతో నా మొహం తుడిచింది. అప్పటిదాకా నేను ఏడుస్తున్నానని నాకే తెలియదు.

గడ్డ పగలకుండా, తన తొడుగులోనే ఉండగా బయటికొచ్చింది. పరీక్షలో అది క్యాన్సర్ జాతిదే అని తేలింది. కానీ ఎక్కడికీ పాకలేదన్నారు. మందులు ఎక్కించే అవసరం లేదు, ఏళ్ల తరబడి పరీక్షలకు మాత్రం రావాలన్నారు. వస్తామన్నాను. ఆ తర్వాత ఎండ, వాన, కరోనా ఏది వచ్చినా ఒక్క పరీక్ష తప్పనివ్వలేదు. సెలవు ఇవ్వనన్న హెడ్మాస్టరుతో నేను పడిన గొడవ మా మండలంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంటికొచ్చాక చూస్తుండగానే బిడ్డ ఒళ్లు వెనక్కి మళ్లింది. రక్తం ఆగిపోయింది. ఛాతీ అణిగి, పొట్ట లోపలికి పోయి, మళ్లీ నా తరగతి పిల్లల్లో ఒకతె అయింది. టెంటు గుంజలు పాతిన చోట మట్టి ఇంకా మెత్తగానే ఉంది. అక్కడే గీతలు గీసుకుని తొక్కుడుబిళ్ల ఆడింది. వాళ్ల నాన్న డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే దానితో పాటు ఒంటికాలి మీద గెంతాడు.

ఊరు ఊరుకుంటుందా? లోకులు కాకులు. చేతబడి అన్నారు, అరిష్టమన్నారు, ఆ పిల్లకు ఇక పిల్లలు పుట్టరన్నారు. బడిలో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టిన రోజు తల్లులందరినీ కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. చిన్నపిల్లకు ఛాతీ వచ్చినా, రక్తం వచ్చినా, పొట్ట ఎత్తుగా గట్టిగా ఉన్నా నా దగ్గరికి తీసుకురండి, నేనే దవాఖానకు తోలుకుపోతాను అన్నాను. ఇద్దరు ముగ్గురు మూతులు తిప్పుకున్నారు. వారం తిరక్కుండా ఒకామె తన బిడ్డను చాటుగా తెచ్చింది. ఇద్దరం వెళ్లి చూపించాం. ఆ పిల్లకు ఏమీ లేదు, అజీర్తి. ఆమె నన్ను తిట్టుకుంటూ పోయింది. తిట్టుకోనీ.

ఏళ్లు గడిచాయి. బిడ్డకు పన్నెండు నిండాయి, పదమూడు వచ్చింది. దాని తరగతి ఆడపిల్లలు ఒక్కొక్కరే పెద్దమనుషులవుతున్నారు. పిలిచిన ప్రతి ఫంక్షన్‌కూ పోయేదాన్ని. అక్షింతలు వేసి, తిని, ఇంటికొచ్చి పక్క మీద వాలి పైకప్పు చూసేదాన్ని. ఉన్న ఆ ఒక్కటి పని చేస్తుందా? డాక్టరు చేస్తుందనే అన్నాడు. కానీ ఆ మాటను పట్టుకుని అన్నేళ్లు ఉండటం నాకు తేలిక కాలేదు. అత్తమ్మ కూడా లోపల్లోపల అదే లెక్కపెడుతోందని నాకు తెలుసు.

ఒక రోజు పొద్దున బిడ్డ యూనిఫాం వేసుకుని, రెండు జడల్లో ఒకటే వేసుకుని, వంటగదిలోకి వచ్చింది. నేను సద్ది కడుతున్నాను. అత్తమ్మ ఉల్లిగడ్డ పొట్టు తీస్తోంది.

"అమ్మా, అయ్యింది," అన్నది. "అవ్వా, నన్ను చాప మీద కూసొమ్మనకు. ఇయ్యాల లెక్కల పరీక్ష ఉన్నది."

అత్తమ్మ కత్తిపీట పక్కకు నెట్టి లేచింది. మోకాళ్లు పట్టేసి ఒక చెయ్యి గోడకు ఆనించింది.

"నిన్నెవరు కూసొమ్మన్నరే? పరీక్ష రాసి రా. ఏమే పిల్లా, నువ్వేం గుడ్లప్పగించి చూస్తున్నవ్? డాక్టరమ్మకు ఫోన్ చెయ్. సాయంత్రం తీస్కపోయి చూపియ్యి. గడపల నేను నిలబడ, ఫికర్ చెయ్యకు."

సాయంత్రం ఆ డాక్టరమ్మే స్కానింగ్ చేసింది. ఎడమవైపు ఉన్న ఆ ఒక్కటీ ఆరోగ్యంగా ఉంది, తన పని మొదలుపెట్టింది, గడ్డ గిట్ల ఏమీ లేదు అన్నది. ఈసారి కుర్చీ దగ్గరికి లాక్కోలేదు. నేను అక్కడే, ఆ గదిలోనే, అందరి ముందూ బోరున ఏడ్చాను. అన్నేళ్లు మింగినదంతా వచ్చింది. బిడ్డ సిగ్గుతో నా చెయ్యి గిచ్చింది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ నువ్వులు వేయించి బెల్లంతో దంచి పెట్టింది. పెట్టెలోంచి ఆ ఎర్ర లంగా తీసి మంచం మీద పరిచింది. ఫంక్షన్లు వద్దని నేను ముందే ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి నోరు తెరవబోయాను. టెంటు లేదు, చుట్టాలు లేరు, మనం నలుగురమే అని అత్తమ్మే ముందు అన్నది. బిడ్డ లంగా తొడుక్కుంది. అంచు నేలకు సరిగ్గా అందింది. నడుము మాత్రం వదులుగా జారిపోతోంది. నేను మోకాళ్ల మీద కూర్చుని సూది తీసుకుని రెండు వైపులా కుట్టు బిగించాను.

పక్కింటామె గోడ మీద నుంచి తొంగి చూసింది. "ఏందవ్వా, దవాఖానకు పోయొచ్చిండ్రంట. పిల్లకు మల్లేమైంది?"

అపెండిక్స్ అని చెబుదామన్న మా అత్తమ్మ వీధి చివరిదాకా వినపడేటట్టు చెప్పింది.

"ఏంగాలే. నా మనుమరాలు పెద్దమనిషైంది. ఈసారి నిజంగ."

"అవ్వా, జర మెల్లగ," అన్నది లోపలి నుంచి నా బిడ్డ. రేపు సైన్సు పరీక్ష ఉందట. లంగా మడతలు పైకి ఎగదోసుకుని, నువ్వుల ముద్ద నములుతూ, పుస్తకం ముందేసుకుని కూర్చుంది.